గుమ్మానికి గడ్డితాడు
కొరియాలో పురిటి ముచ్చట్లు

పాతరోజుల కొరియా పల్లె. చేతిలో పళ్ళబుట్ట పట్టుకుని మీరొక ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళారనుకోండి. తీరా వాకిట్లోకి వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా ఒక వరిగడ్డి తాడు కట్టి ఉన్నది. ఆ తాటి పేటల మధ్య ఎర్రని మిరపకాయలు, నల్లని బొగ్గుముక్కలు గుచ్చి ఉన్నవి. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. ఎంత దగ్గర చుట్టమైనా సరే, గొంతెత్తి పిలవకుండా వచ్చిన దారినే వెనక్కి మళ్ళవలసిందే. ఆ ఇంట్లో బిడ్డ పుట్టింది. ఆ ఇల్లు ఇప్పుడు పురిటిల్లు.

ఈ తాటిని కొరియావారు 'కుమ్‌జుల్' అంటారు. అడ్డుతాడు అని అర్థం చెప్పుకోవచ్చు. మామూలు తాళ్ళను కుడివైపు పేనితే దీనిని మాత్రం ఎడమవైపు పేనుతారు. తలకిందులుగా పేనిన తాటిని చూసి దుష్టశక్తులు తికమకపడి దాటి రాలేవని వారి నమ్మకం. మగబిడ్డ పుడితే మిరపకాయలు, బొగ్గు. ఆడబిడ్డ పుడితే పైన్ చెట్టు పచ్చని రెమ్మలు, బొగ్గు. వీధిన పోయేవారికి చెప్పకుండానే సంగతి తెలిసిపోయేది. మన పల్లెల్లో పురిటిగది గుమ్మానికి వేపమండలు కట్టిన ఇళ్ళను ఎరిగినవారికి ఇదేమంత వింతగా తోచదు.

ఆ తాడు 21 రోజులు ఉండేది. మూడు ఏళ్ళు ఇరవై ఒకటి అన్నమాట. ఈ మూడు వారాలూ పరాయివారికి ఇంట్లో ప్రవేశం లేదు. చావుకు వెళ్ళివచ్చినవారు ఆ చుట్టుపక్కలకే రాకూడదు. దయ్యాలకు భయపడి కట్టారో, మరెందుకు కట్టారో గాని, ఆ తాటివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. పసికందు దగ్గరకు పదిమందీ చేరి ముద్దులాడకుండా, ఊళ్ళోని దగ్గులూ జ్వరాలూ గుమ్మం దాటి రాకుండా అది ఆపింది. అంతకంటె ముఖ్యం, కన్నతల్లికి కాస్త విశ్రాంతి చిక్కింది.

కలతో మొదలు

కొరియాలో బిడ్డ కథ పుట్టుకతో ప్రారంభం కాదు, కలతో ప్రారంభమౌతుంది. దానిని 'తేమోంగ్' అంటారు. కడుపు పండబోతున్నదని ముందుగా తెలిపే కల అది. తల్లికే రావాలని లేదు. తండ్రికి రావచ్చు, అమ్మమ్మకు రావచ్చు, చివరకు ఆ ఇంటి స్నేహితులకైనా రావచ్చు. కలలో డ్రాగన్ కనిపించిందా, పులి కనిపించిందా, ఎర్రగా పండిన పండు ఒళ్ళో పడిందా అన్నదానిని బట్టి పుట్టబోయేది ఎవరు, ఎట్లాంటి స్వభావం అని పెద్దలు లెక్కలు కట్టేవారు. ఈనాటికీ కొరియాలో ఎవరినైనా "మీ తేమోంగ్ ఏమిటి?" అని అడిగితే చాలామంది తడుముకోకుండా చెబుతారు.

కడుపుతో ఉన్న స్త్రీ ఏమి చూడాలి, ఏమి వినాలి, ఏమి తినాలి అన్నదానికి 'తేగ్యో' అని పేరు. గర్భంలోని శిశువుకు చదువు చెప్పడమన్నమాట. అభిమన్యుడు తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహం సంగతి విన్నాడని చెప్పుకునే మనకు ఈ మాట కొత్త కాదు. ఎండ్రకాయ తింటే బిడ్డ అడ్డం తిరుగుతుందని, వంకర తిరిగిన పండు తినరాదని అక్కడి పెద్దలు చెప్పేవారు. ఇవి ఒట్టి నమ్మకాలే అనుకోండి. కాని 1800లో సాజుదాంగ్ అనే బిరుదుతో పేరుపొందిన ఒక ఇల్లాలు ఈ విషయం మీద 'తేగ్యో సింగి' అనే గ్రంథాన్నే రాసింది. ఆమె నలుగురు బిడ్డల తల్లి. స్త్రీలు పుస్తకాలు రాయడమే అరుదైన ఆ కాలంలో చీనా లిపిలో ఆమె రాసిన ఆ గ్రంథానికి, తరువాత గొప్ప భాషాపండితుడుగా పేరుపొందిన ఆమె కుమారుడు యూ హూయీ, మామూలువారు చదువుకోవడానికి వీలుగా కొరియా భాషలో అనువాదం చేర్చాడు.

ఆ పుస్తకంలో విశేషమేమిటంటే, బరువంతా గర్భిణి నెత్తినే పెట్టలేదు. బిడ్డ మంచిచెడ్డలకు తండ్రి నడవడి కూడ కారణమేనని ఆమె రాసింది. గర్భిణికి కోపం తెప్పించకుండా, భయం కలిగించకుండా, దిగులు పెట్టకుండా చూసుకోవడం ఇంటిల్లిపాది బాధ్యత అన్నది. రెండువందల ఏళ్ళనాటి మాట ఇది!

వెన్ను చరిచే అవ్వ

కొరియావారికి పురుళ్ళ దేవత ఒక అవ్వ. పేరు సామ్సిన్ హల్మోనీ. హల్మోనీ అంటే నాయనమ్మ, అమ్మమ్మ, అవ్వ. కడుపు పండించేది ఆమె, కానుపు చేయించేది ఆమె, పసిబిడ్డను కాపాడేదీ ఆమే. చాలామంది పసివాళ్ళకు పిరుదులమీద నీలపు మచ్చ ఉంటుంది, చూశారు గదా! మన బిడ్డల్లోనూ ఇది కద్దు. చర్మం లోపలి పొరలో నిలిచిపోయిన రంగుకణాలవల్ల అది ఏర్పడుతుందని, కొన్నేళ్ళలో దానంతటదే పోతుందని వైద్యులు చెబుతారు. కొరియా అవ్వలు చెప్పే కారణం వేరు. లోపల హాయిగా ఉన్న బిడ్డ బయటకు రానని మొరాయిస్తే, సామ్సిన్ అవ్వ "ఇక నడు!" అని ఒక్కటి చరిచిందట. ఆ దెబ్బ తాలూకు కమిలిన మచ్చ అది!

కానుపు కాగానే ఈ అవ్వకు నైవేద్యం పెడతారు. తెల్లని అన్నం, చెంబెడు మంచినీళ్ళు, సముద్రపు నాచుతో కాచిన చారు. మొక్కులు అయినాక ఆ అన్నం, ఆ చారు బాలింత తింటుంది. అదే ఆమెకు తొలిముద్ద.

నాచు చారు

ఈ చారుకు 'మియోక్‌గుక్' అని పేరు. ఎండబెట్టిన సముద్రపు నాచును నీళ్ళలో నానబెడితే నల్లని పట్టీలవలె విప్పారుతుంది. దానిని నువ్వులనూనెలో కాస్త వేయించి, మాంసమో, చేపో, గుల్లచేపలో వేసి చాలాసేపు మరగనిస్తారు. మన బాలింతకు కాయం ఎట్లాగో, శొంఠిపొడీ వెల్లుల్లీ ఎట్లాగో, కొరియా బాలింతకు ఈ చారు అట్లా. రోజుకు మూడుపూటలా అదే. మూడు వారాలు తాగి తాగి మొహం మొత్తినా తప్పదు.

దీనికొక పాత కథ ఉన్నది. పిల్లను ఈనిన తిమింగలం సముద్రంలో నాచును మేసి గాయాలు మాన్పుకోవడం చూసి మనుషులు నేర్చుకున్నారట. కథ మాట ఎట్లా ఉన్నా, బాలింతకోసం కొనే నాచు విషయంలో పట్టింపులు మాత్రం గట్టివి. పొడుగాటి నాచు కట్టను మడవకుండా, విరవకుండా ఇవ్వాలి. విరిస్తే కానుపు కష్టమౌతుందని భయం. బేరమాడడం కూడ తప్పే. బిడ్డ ఆయుష్షును బేరమాడినట్లు గదా!

నాచులో అయొడిన్, సున్నపు ధాతువు ఉన్నవి. అయితే మోతాదు మించితే అయొడిన్ వల్ల గొంతులోని థైరాయిడ్ గ్రంథికి చేటని, మూడుపూటలా గిన్నెలకు గిన్నెలు తాగనక్కరలేదని ఈనాటి వైద్యుల సలహా.

మూడు వారాల రాణి

కొరియా ఇళ్ళలో నేల అడుగున పొగగొట్టాలవంటి దారులు ఉండేవి. వంటింటి పొయ్యి వేడి ఆ దారుల వెంట పోయి గది నేలనంతా వెచ్చజేస్తుంది. ఆ వెచ్చని నేలమీద బాలింతను పడుకోబెట్టి దుప్పట్లు కప్పేవారు. చన్నీళ్ళు ముట్టకూడదు. చల్లగాలి తగలకూడదు. గట్టి పదార్థాలు కొరకకూడదు. ఈ పథ్యం తప్పితే ఎముకల్లోకి గాలి దూరి జీవితమంతా కీళ్ళు పీకుతాయని అనేవారు. ఆ జబ్బుకు 'సాన్‌హూపుంగ్' అని పేరు. కానుపు తరువాతి గాలి అని అర్థం. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, "బాలింత వాతం వస్తుంది సుమా!" అని గదమాయించిన మన అమ్మమ్మలు ఆ గదిలోకి వెళితే తమ ఇంట్లో ఉన్నట్లే అనుకునేవారు కాబోలు.

మనలో తొలికానుపుకు పుట్టింటికి తీసుకురావడం ఆచారం. కొరియాలో ఆ రోజుల్లో కోడళ్ళు ఎక్కువగా అత్తవారింట్లోనే పురుడు పోసుకునేవారు. ఏడాది పొడవునా తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసి, అందరూ తిన్నాక తినే కోడలికి ఈ మూడు వారాలూ అత్తగారే చారు కాచి ఎదుట పెట్టవలసి వచ్చేది. గుమ్మానికి కట్టిన తాడు ఊరివారికే కాదు, ఇంటివారికి కూడ ఒక ఆజ్ఞ అన్నమాట: ఈ మనిషిని ఇప్పుడు పనికి పిలవరాదు.

అందరికీ ఈ భోగం దక్కిందని అనుకోరాదు. నాట్ల రోజుల్లో కన్న బీదరాలు వారం తిరగకుండానే పొలానికి పోయిన సందర్భాలు ఎన్నో. పథ్యాల మాటకు వస్తే, ఎండాకాలంలో కూడ వెచ్చని గదిలో దుప్పట్లు కప్పుకోవడం మంచిది కాదని, కదలకుండా పడుకుంటే కాళ్ళలో నెత్తురు గడ్డకట్టవచ్చునని, మెల్లగా లేచి నడవాలని నేటి వైద్యం చెబుతున్నది. అయినా విశ్రాంతి కావాలి, వేడి అన్నం కావాలి, చేతికింద సాయం కావాలి అన్న అసలు మాటను ఏ వైద్యుడూ కాదనడు.

రాజుగారి సెలవు

ఈ సందర్భంలో ఒక రాజును తలచుకోవాలి. కొరియా లిపిని నిర్మించిన సేజోంగ్ మహారాజు పేరు విన్నవారు చాలామంది ఉంటారు. ఆయన కాలంలో ప్రభుత్వ కార్యాలయాల్లో దాసీలుండేవారు. వారికి కానుపు తరువాత ఏడు రోజులే సెలవు. 1426లో ఆయన దానిని 100 రోజులు చేశాడు. 1430లో మళ్ళీ ఆలోచించాడు. నెలలు నిండినా పనిచేస్తూ అలసిపోయి, ఇల్లు చేరకముందే దారిలోనే కంటున్నారు గదా అని, కానుపుకు ముందు మరొక నెల సెలవు కలిపించాడు. 1434లో మూడో ఆజ్ఞ వచ్చింది. భార్యకు సెలవిచ్చి భర్తను పనిలో ఉంచితే ఆమెను చూసేదెవరు? దిక్కులేక ప్రాణాలు పోగొట్టుకునేవారు కూడ ఉన్నారు గదా! కాబట్టి భర్తకు 30 రోజుల సెలవు.

ఆరువందల ఏళ్ళ కిందట ఒక రాజు దాసీల పురుళ్ళ గురించి మూడుసార్లు ఆలోచించాడంటే ఆశ్చర్యమే. ఈనాటి దక్షిణ కొరియా చట్టం తల్లికి మామూలుగా ఇచ్చే సెలవు 90 రోజులు. తండ్రికిచ్చే సెలవును 2025 ఫిబ్రవరిలో 10 రోజులనుంచి 20 రోజులకు పెంచారు. సేజోంగ్ లెక్కకు ఇంకా పది రోజులు తక్కువే!

పెంటయ్యకు కొరియా తమ్ముడు

పుట్టిన పిల్లలు దక్కని రోజులవి. అందుచేత పసివాళ్ళను చూసి "ఎంత ముద్దుగా ఉన్నాడో!" అనడానికి కొరియావారు జంకేవారు. "అబ్బే, ఏమంత బాగాలేడు" అనడమే మర్యాద. దేవతలకు అసూయ పుట్టకుండా పిల్లలకు చెత్తపేర్లు పెట్టేవారు. 'కేత్తోంగ్' అనేది బాగా వాడుకలో ఉన్న ముద్దుపేరు. దానికి అర్థం కుక్కపెంట! తరువాత సింహాసనమెక్కిన కోజోంగ్ చక్రవర్తిని కూడ చిన్నప్పుడు అట్లాగే పిలిచేవారని చెప్పుకుంటారు. బిడ్డలు దక్కక పెంటయ్య, పుల్లయ్య, పిచ్చమ్మ అని పేర్లు పెట్టుకున్న మన తాతముత్తాతల గుండెలోని దిగులు, ఆ దేశపు తల్లుల గుండెలోని దిగులు ఒక్కటే.

బిడ్డకు తొలిరోజుల్లో తొడిగే చొక్కాకు మెడపట్టీ ఉండదు, గుండీలుండవు. దారాలతో ముడి వేస్తారు. దారం పొడుగు, ఆయుష్షు పొడుగు. ఆ చిన్న చొక్కాను తల్లులు మడిచి పెట్టెలో దాచేవారు. పెద్దయి పరీక్షకు పోయేటప్పుడు దానిని వెంట తీసుకుపోతే గెలుపు తథ్యమని నమ్మకం.

నూరో రోజు

21 రోజులు కాగానే తాడు విప్పుతారు. చుట్టాలు వస్తారు. మనలో 11వ నాడు పురుడు, 21వ నాడు బారసాల జరిపే ఇళ్ళవారికి ఈ లెక్క పరిచితమే. అయితే కొరియావారు ఊపిరి పీల్చుకునేది నూరో రోజున. దానిని 'బెగిల్' అంటారు. నూరు రోజులు దాటిన బిడ్డ ఇక దక్కినట్లే అని పూర్వపు లెక్క.

ఆనాడు తెల్లని బియ్యపుపిండితో ఆవిరిమీద రొట్టె ఉడికిస్తారు. జొన్నపిండి ఉండలను ఎర్రని గింజల పొడిలో దొర్లిస్తారు. ఎరుపు చూస్తే దుష్టశక్తులు పారిపోతాయని. ఈ రొట్టెను నూరు ఇళ్ళకు పంచితే బిడ్డకు నూరేళ్ళు. పుచ్చుకున్నవారు గిన్నెను కడగకుండా, ఒట్టిది కాకుండా తిరిగి ఇవ్వాలి. అందులో దారపు ఉండో, గుప్పెడు బియ్యమో వేసి పంపుతారు. ఒక్క బిడ్డ నూరు గడపలకు బంధువు కావడం ఎంత సొగసైన ఏర్పాటు!

ఏది పట్టుకుంటాడో?

ఏడాది నిండిన పుట్టినరోజు 'తోల్'. బిడ్డకు రంగురంగుల పట్టుబట్టలు కట్టి, టోపీ పెట్టి, బల్ల ముందు కూర్చోబెడతారు. బల్లమీద బియ్యం, దారం, డబ్బు, పుస్తకం, కుంచె. పాతకాలంలో మగపిల్లవాడికి విల్లమ్ములు, ఆడపిల్లకు కత్తెర, కొలబద్ద. బిడ్డ ఏది పట్టుకుంటే అదే జాతకం. దారమైతే దీర్ఘాయువు, కుంచె అయితే పండితుడు, డబ్బు అయితే ధనవంతుడు. అన్నప్రాశననాడు పుస్తకం, కలం, బంగారం, కత్తి ముందుపెట్టి పాకనిచ్చే వేడుక మన ఇళ్ళలోనూ ఉన్నది గదా! ఇప్పుడు అక్కడి బల్లలమీదకు డాక్టరు మెడలో వేసుకునే గొట్టం, పాటగాళ్ళ మైకు, ఆటబంతి కూడ వచ్చి చేరాయి. తల్లిదండ్రుల ఆశలు కాలంతోపాటు మారతాయి మరి.

చుట్టాలు బిడ్డకు చిన్న బంగారపు ఉంగరం పెడతారు. కొరియా తూకంలో ఒక 'తోన్', అంటే 3.75 గ్రాములు. 1998లో దక్షిణ కొరియా అప్పుల్లో మునిగినప్పుడు దేశంకోసం బంగారం ఇవ్వండని పిలుపు వచ్చింది. సుమారు 35 లక్షలమంది 227 టన్నుల బంగారం తెచ్చి ఇచ్చారు. అందులో పెళ్ళి ఉంగరాలతోపాటు పెట్టెల్లో దాచిన ఈ పసివాళ్ళ ఉంగరాలూ ఉన్నవి.

వయసు లెక్క మరీ వింత. పాత పద్ధతిలో పుట్టగానే బిడ్డకు ఒక ఏడు. కొత్త సంవత్సరం రాగానే మరొక ఏడు. డిసెంబరు 31న పుట్టిన బిడ్డకు మర్నాటికే రెండేళ్ళు! ఈ చిక్కును తీర్చడానికి 2023 జూన్ నుంచి అధికారిక వ్యవహారాల్లో ప్రపంచమంతా వాడే లెక్కనే చట్టం చేశారు.

మిరపకాయ, పైన్ రెమ్మ

మళ్ళీ ఆ తాటి దగ్గరకు వద్దాం. దానికి గుచ్చిన మిరపకాయలు చూసి ఊరు ఊరంతా సంతోషించేది. పైన్ రెమ్మలు చూసి కొందరు పెదవి విరిచేవారు. వంశం నిలిపేది కొడుకే అన్న పట్టుదల అక్కడా బలమైనదే. కడుపులో ఉన్నది ఎవరో చూపే యంత్రాలు వచ్చాక ఈ పట్టుదల ఘోరానికి దారితీసింది. 1987లోనే లింగం చెప్పరాదని చట్టం చేసినా, 1990లో పుట్టిన ప్రతి నూరుమంది ఆడపిల్లలకు మగపిల్లలు 116 మందికి పైగా లెక్కతేలారు. ఆ ఏడు గుర్రపు సంవత్సరం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల పొగరుబోతు అవుతుందని మూఢనమ్మకం కూడ తోడయింది.

కాని కథ అక్కడితో ఆగలేదు. ఆడపిల్లలు చదివారు, ఉద్యోగాలు చేశారు, ఇంటి యజమాని మగవాడే అన్న చట్టాలు మారాయి. 2007 నాటికి మగ ఆడ లెక్క ప్రకృతి సహజమైన స్థితికి వచ్చింది. ఇక అవసరం తీరిందని, లింగం చెప్పడం మీద ఉన్న నిషేధాన్ని 2024లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. 1994లో మనం చేసుకున్న అట్లాంటి చట్టాన్ని తీసివేయగల రోజు మనకెప్పుడు వస్తుందో!

తాడు లేని గుమ్మాలు

ఈనాడు సియోల్ నగరపు అంతస్తుల ఇళ్ళలో గుమ్మాలకు గడ్డితాళ్ళు లేవు. కానుపులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి. అత్తగారు వేరే ఊళ్ళో ఉంటుంది, అమ్మ కూడ ఉద్యోగస్తురాలే. మరి ఆ మూడు వారాల సేవ ఎవరు చేస్తారు? దానికి కొరియావారు ఒక ఉపాయం కనిపెట్టారు. బాలింతలకోసం ప్రత్యేకంగా వసతిగృహాలు వెలిశాయి. వీటిని 'సాన్‌హూజోరివాన్' అంటారు. ఆసుపత్రినుంచి తల్లీబిడ్డా నేరుగా అక్కడికి వెళ్ళి రెండు వారాలుంటారు. పసిబిడ్డలను నర్సులు చూస్తారు. తల్లికి వేళకు అన్నం, పాలివ్వడంలో పాఠాలు, కంటినిండా నిద్ర. నాచు చారు మాత్రం అక్కడా తప్పదు! 2021లో ప్రభుత్వం విచారించినప్పుడు నూటికి ఎనభైమందికి పైగా తల్లులు ఇట్లాంటి చోట ఉండివచ్చామన్నారు. సగటు ఖర్చు 24 లక్షల వన్‌లకు పైన, అంటే సుమారు లక్షన్నర రూపాయలు. ఈ భారం చూసి కొన్ని ఊళ్ళలో స్థానిక ప్రభుత్వాలే తక్కువ ఖర్చుతో అట్లాంటి ఇళ్ళు నడుపుతున్నాయి.

పూర్వం ఒక గడ్డితాడు చేసిన పనికి ఇప్పుడు ఇంత సొమ్ము కావలసి వచ్చింది. ఆ తరువాత ఇంటి అద్దె, బడి ఫీజులు, రాత్రిదాకా సాగే ఆఫీసు పని ఎట్లాగూ ఉన్నవి. 1970లో అక్కడ 10 లక్షలమంది పిల్లలు పుట్టారు. 2023లో 2 లక్షల 30 వేలమంది. ఒక్కో స్త్రీకి సగటున నలుగురిని మించి ఉన్న సంతానం 0.72కు దిగింది. ఏ దేశంలోనూ ఇంత తక్కువ లేదు. 2024లో 0.75కు చేరితే దానినే శుభవార్తగా చెప్పుకున్నారు. నూరు గడపలకు రొట్టె పంచిన దేశంలో ఊయలలు ఖాళీగా ఉండడానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి మాత్రం సేజోంగ్ మహారాజు ఆనాడే అడిగిన ప్రశ్న: ఆమెను చూసేదెవరు?

ఇన్ని మారినా ఒక్క ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు. పరీక్షనాడు ఏ కొరియా విద్యార్థీ నాచు చారు ముట్టడు. జారుడు పదార్థం గనుక మార్కులు కూడ జారిపోతాయని! పరీక్ష తప్పినవాడిని "నాచు చారు తాగాడు" అనడం అక్కడి జాతీయం. కాని పుట్టినరోజున మాత్రం చిన్నాపెద్దా అందరూ తాగవలసిందే. ఆనాడు స్నేహితులు పలకరించే మాట, "నాచు చారు తాగావా?" అని.

పుట్టినరోజు బిడ్డది. ఆ చారు మాత్రం తల్లిది. ఆమె నొప్పులు పడి, వెచ్చని నేలమీద ఒరిగి, తొలిముద్దతోపాటు తాగిన చారు అది. ఏటా ఒక్కసారైనా ఆ గిన్నె ముందు కూర్చున్నప్పుడు, యాభై ఏళ్ళ పెద్దమనిషికి కూడ తనను కన్ననాడు అమ్మ ఏమి తిన్నదో గుర్తుకు వస్తుంది.